శిలాతైలామ్లములు - మత్స్యపిండములు

శిలాతైలమునకు మనవారు పెట్టుకొన్న పేర్లు ప్రాంతమునకొకటిగా నున్నవి. బళ్లారి, రాయదుర్గము, ఆదోని ప్రాంతములలో దీపమునకు పోయు నూనెను సీమెనూనె యందురు. ఇచటి కన్నడిగుల నోటను అదే మాట. కోస్తాలో అది కిరసనాయిలు, తెలంగాణమున గాసునూనె. ఈ పేర్లన్నియు వెలుగునిచ్చు నూనెను గూర్చినవి. భూగర్భమునుండి వెలువడు ముడినూనెలో దీపమునకును, యంత్రమునకును అక్కరలేని పదార్థములు మరి పెక్కు కలవు. శుద్ధిచేయువాడు వానిని వేరుపరచి తొలగించును. తొలగింపబడినది ఎచ్చటికో పోవలెను గదా. తరచుగా నీటిలోనికి పోవును. అట్టివానిలో ఒక వర్గమునకు శాస్త్రజ్ఞులు నాఫ్థెనిక్ ఆమ్లములని పేరిడిరి. అవి నీటిలో చేరినపుడు చేపగ్రుడ్డులోని పిండమునకు కలుగు హానిని వివరించుట ఈ వ్యాసోద్దేశము. తెలుగులో వానిని శిలాతైలామ్లములనిన చాలునని నా యభిప్రాయము. ఇకమీద ఆ మాటనే వాడుదును.

ఇవి యొక పదార్థము కావు. వేలకొలది పదార్థముల కలగలుపు. అయిదుగాని ఆరుగాని కర్బన పరమాణువులు చేయి చేయి కలిపి వలయముగా నిలిచినట్లు ఊహింపుడు. ఆ వలయమునకొక తోక. తోకచివర కార్బాక్సిల్ అను ఆమ్లపు ముద్ర. కొన్నింటికి వలయ మొకటి, కొన్నింటికి రెండు మూడు. కొన్నింటికి వలయమే లేదు. 1880వ దశాబ్దమున రష్యా రసాయనజ్ఞుడు మార్కోవ్నికోవ్ బాకూ ప్రాంతపు నూనెను పరీక్షించి, అందలి వలయాకార పదార్థములకు నాఫ్థీనులని నామకరణము చేసెను. ఆమ్లముల పేరు దానినుండి వచ్చినదే.

ఆమ్లమనగానే మనకు పులుపు స్ఫురించును. చింతపండునందును నిమ్మకాయయందును ఉన్న ఆమ్లములకు ఉన్నదియు ఈ కార్బాక్సిల్ ముద్రయే. అయితే అవి నీటిలో ఇట్టే కరగును. శిలాతైలామ్లమునకు ముద్రవైపు నీటి మీద మక్కువ, వలయమువైపు నూనె మీద మక్కువ. ఒకే యణువునకు రెండు ముఖములుండుటచేత అది నీటికిని నూనెకును నడుమ నిలుచును. క్షారము తగిలినచో సబ్బగును. కొవ్వులోని ఆమ్లము క్షారముతో కలిసి మన యింటి సబ్బు ఎట్లయినదో ఇదియు అట్లే. ఈ సబ్బుగుణమును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. చేపపిండమునకు కీడుచేయునది నీటి పులుపు కాదు. ఈ రెండు ముఖముల గుణమే.

లోకమునకు వీనివలన ఉపయోగములును లేకపోలేదు. రంగుపూత త్వరగా ఆరుటకు కలుపు కోబాల్టు లవణము, కఱ్ఱకు చెదలు, బూజు పట్టకుండ పూయు రాగి లవణము ఈ యామ్లములతో చేయబడునవే. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1942లో, హార్వర్డులో ఫీజర్ అను రసాయనజ్ఞుడు ఈ యామ్లముల అల్యూమినియము లవణమును పెట్రోలుతో కలిపి నేపామ్ అను దహనాస్త్రమును కల్పించెను. నాఫ్థెనిక్, పామిటిక్ అను రెండు పేర్ల తొలి యక్షరములే ఆ మాటలో నిలిచినవి. శుద్ధికర్మాగారములవారికి మాత్రము ఇవి శత్రువులు. వేడిమిలో ఉక్కుగొట్టములను తినివేయును. అందుచేత ముడినూనె కొనువారు దాని ఆమ్లసంఖ్యను ముందుగా విచారింతురు. ఒక గ్రాము నూనెలోని ఆమ్లమును శమింపజేయుటకు ఎన్ని మిల్లీగ్రాముల పొటాసియము హైడ్రాక్సైడు కావలెనో ఆ లెక్కయే ఆమ్లసంఖ్య. అది సగము మిల్లీగ్రామును మించినచో నూనె ఆమ్లభరితమని తలంతురు, ధరయు తగ్గును.

నీటిలోనికి ఇవి చేరు దారులు మూడు. నూనెతోపాటు బావినుండి పైకివచ్చు ఉప్పునీరు ఒకటి. నూనెను క్షారముతో కడిగిన శుద్ధికర్మాగారపు నీరు రెండవది. మూడవది కెనడా దేశపు ఆల్బర్టా రాష్ట్రమున అథాబాస్కా నదీతీరమున ఉన్నది. ఈ విషయమున లోకమునకు తెలిసిన దానిలో అధికభాగము అక్కడి పరిశోధనలవలన లభించినదే కనుక, దానిని కొంత విపులముగా చెప్పవలెను.

అచట నూనె బావిలో ఊరదు. ఇసుకను పట్టుకొని జిగటతారువలె నుండును. ఇసుకను త్రవ్వి, వేడినీటిలో కలిపి, కొంచెము దాహకసోడాను చేర్చినచో తారు విడివడి పైకి తేలును. 1920వ దశాబ్దమున కార్ల్ క్లార్క్ అను శాస్త్రజ్ఞుడు ఈ పద్ధతిని రూపొందించెను. 1967లో మొదటి పెద్దగని పనిచేయ నారంభించినది. సోడా చేయు పని యేమనగా, తారులోని శిలాతైలామ్లములను సబ్బుగా మార్చుట. ఆ సబ్బే తారును ఇసుకనుండి విడదీయును. పని ముగిసిన పిమ్మట తారు కర్మాగారమునకు పోవును. సబ్బు నీటిలో మిగులును. ఆ నీటిని నదిలో విడువరాదని నిషేధమున్నందున, పెద్ద పెద్ద చెరువులలో నిలువచేసి మరల మరల వాడుదురు. వాడినకొలది ఆమ్లము చిక్కబడును. సహజముగా అథాబాస్కా నదిలో లీటరు నీటికి ఒక మిల్లీగ్రాముకంటె తక్కువగానుండు ఈ యామ్లములు ఆ చెరువులలో 20 మొదలు 120 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు కొలిచినారు.

ఆ చెరువులలోని బురదయు నీరును కలిసి ఇంచుమించు 140 కోట్ల ఘనమీటర్లు. మన ప్రాంతపు కొలతలో చెప్పవలెనన్న సుమారు 49 టి.ఎం.సి. 1953లో నీరు నిలిపిన తుంగభద్రా జలాశయము పూడిక చేరగా నేడు పట్టుకొను నీరు సుమారు 105 టి.ఎం.సి. అనగా మన జలాశయములో ఇంచుమించు సగము. అంత పరిమాణము మట్టికట్టల వెనుక నిలిచియున్నది. కట్ట యున్నచోట ఊట యుండుననుట తుంగభద్రా కాలువల క్రింద సేద్యము చేయువారికి వేరుగ చెప్పనక్కరలేదు. 2022 మే నెలలో కెర్ల్ అను గనివద్ద చెరువునీరు వెలుపలికి ఊరుచుండుట కనబడినది. 2023 ఆరంభమున అచ్చటనే మరియొక కుంటనుండి 53 లక్షల లీటర్లు పొర్లినది. నదికి దిగువనున్న ఫోర్ట్ చిపెవయాన్ గ్రామపు ఆదివాసులు, మొదటి ఊట కనబడిన తొమ్మిది నెలలకుగాని తమకు సంగతి పూర్తిగా తెలియజేయలేదని మొఱపెట్టుకొనిరి. వారు చేపలు పట్టుకొని జీవించువారు.

ఆ చెరువునీటిలో చేప చచ్చుటకు ముఖ్యకారణము ఈ యామ్లములేయని 1986లో మెకిన్నన్, బోర్గర్ అనువారు నిరూపించిరి. ఆమ్లములను తొలగించినంతనే నీటి విషము చాలవరకు తగ్గినది. మొదటి పరీక్షలన్నియు పెరిగిన చేపలతోడను చిన్న జలజీవులతోడను జరిగినవి. గ్రుడ్డు సంగతి తరువాత వచ్చినది.

చేపగ్రుడ్డు కోడిగ్రుడ్డు వంటిది కాదు. దానికి పెంకు లేదు. నీటిలోనే పుట్టి, నీటిని త్రాగి, నీటిలోనే పెరుగును. మన బొచ్చె, శీలావతి, ఎఱ్ఱమోసు జాతులను తీసికొందము. వర్షకాలమున నదికి క్రొత్తనీరు వచ్చి, ఒడ్డున మెరకభూములమీదికి పొర్లినపుడు ఇవి గ్రుడ్లు పెట్టును. ఆడుచేప విడిచిన గ్రుడ్లపై మగచేప బీజమును విడుచును. ఫలించిన వెంటనే గ్రుడ్డు చుట్టునున్న నీటిని లోనికి పీల్చుకొని, కొలది సేపటిలోనే కొన్ని రెట్లు ఉబ్బును. పైపొర బిగియును. పొరకును పిండమునకును నడుమ నీరు నిండిన అర యేర్పడును. పిండమునకు అదియే ఊయల. ఈ పీల్చుకొను గడియలో నీటిలో ఏమి కరగియున్నను కొంత లోనికి పోవును. పొర బిగిసిన పిమ్మట కొన్ని పదార్థములకు అది అడ్డుగోడయే. కనుక విషము ఎంత అనుదానితోపాటు ఏ గడియలో అనుటయు ముఖ్యము.

ఈ చేపల గ్రుడ్లు దేనికిని అంటుకొనవు. ప్రవాహముతో కదలుచు పోవును. వెచ్చని నీటిలో 14 మొదలు 18 గంటలలో పగులును. సాయంత్రము పెట్టిన గ్రుడ్డు మరునాటి మధ్యాహ్నమునకు ముందే పిల్లయగును. ఒక్క రాత్రిలో తల, కన్నులు, వెన్ను, గుండె అన్నియు అమరవలెను. పెరిగిన చేపకు నాలుగు రోజులు చెడునీరు తగిలినను ఈది తప్పించుకొనవచ్చును, మొప్పలవలనను కాలేయమువలనను విషమును కొంత వెడలగొట్టవచ్చును. పిండమునకు ఈ సాధనము లేవియు ఇంకను ఏర్పడలేదు. అది విషమునుండి పారిపోలేదు, విషముతోపాటు ప్రవహించును.

పరిశోధకులు ఈ పని చూచుటకు తరచుగా వాడునది జీబ్రాచేప. వేలిలో సగముండదు, నీలిచారలతో ముద్దుగానుండును, ఇండ్లలోని గాజుతొట్టెలలో పెంచుదురు. దీని స్వస్థలము మన ఉపఖండమే. 1822లో గంగానదీ మత్స్యములపై గ్రంథము ప్రకటించిన ఫ్రాన్సిస్ హామిల్టన్ దీనిని శాస్త్రలోకమునకు పరిచయము చేసెను. ఈ హామిల్టన్ ఎవరోయని ఆశ్చర్యపడనక్కరలేదు. టిప్పూసుల్తాను మరణించిన తరువాత 1800-1801లో మైసూరు రాజ్యమంతయు తిరిగి, ఊరూర పంటలను, వృత్తులను వ్రాసికొన్న బుకానన్ దొరయే ఆయన. తరువాత తల్లి వంశనామమును స్వీకరించెను. మన ప్రాంతపు చరిత్ర చదువువారు ఆయన యాత్రాగ్రంథమును ఎరుగుదురు గాని చేపల గ్రంథమును తలచువారు తక్కువ. అమెరికాలో ఓరెగాన్ విశ్వవిద్యాలయమున జార్జి స్ట్రైసింగర్ ఈ చిన్నచేపను జన్యుశాస్త్రమునకు పనిముట్టుగా మలచి 1981లో తన పరిశోధనను ప్రకటించెను. నేడు హైదరాబాదునందలి సి.సి.ఎం.బి.లోను ఇవి పెరుగుచున్నవి. దీని గ్రుడ్డు అద్దమువలె నుండును. ఫలించిన ముప్పాతికగంటకు మొదటి కణము రెండగుట, ఒకదినము గడచునప్పటికి గుండె కొట్టుకొనుట సూక్ష్మదర్శినిలో కంటికి కనబడును. రెండు మూడు దినములలో పిల్ల వెలువడును. పిండమును కోయకయే లోపల ఏమి చెడినదో చూడవచ్చును.

2007లో కెనడా పరిశోధకులు యెల్లో పెర్చి అను తమ దేశపు చేప గ్రుడ్లను, జపాను మెడాకా చేప గ్రుడ్లను వేరువేరు పాళ్లలో పలుచన చేసిన గనిచెరువు నీటిలోనే ఫలింపజేసి, పిల్లలగువరకు అందులోనే ఉంచి చూచిరి. ఆమ్లపు పాలు పెరిగినకొలది రెండు జాతులందును వికారరూపములు హెచ్చినవి. పుట్టిన పిల్లల పొడవు తగ్గినది. పెర్చికి మెడాకాకంటె తక్కువ పాలే చాలినది. జాతికి జాతికి ఇంత భేదముండుట గమనింపదగినది. ప్రయోగశాలలో మచ్చికయైన యొక చేప ఓర్చుకొన్నదని నదిలోని చేపయు ఓర్చుకొనునని చెప్పరాదు. తరువాత ఫ్యాట్‌హెడ్ మిన్నో అను చేప పిండములపై జరిగిన పరీక్షలలో లీటరుకు కొలది మిల్లీగ్రాములు మొదలు కొన్ని పదుల మిల్లీగ్రాముల లోపలనే మరణములును, గుండె, ముఖము, వెన్నెముకల వికారములును కనబడినవి. చెరువులలోనున్న లెక్క 20 మొదలు 120 అని పైన చెప్పియున్నాము.

వికారమనిన ఎట్టిదో చెప్పవలెను. గుండెచుట్టునున్న సంచిలో నీరు చేరి పొంగును. గుండె సాగి, నూలుపోగువలె సన్నబడి, కొట్టుకొనును గాని రక్తమును తగినంత త్రోయలేదు. రక్తము పారనందున దవడ, కన్ను పెరుగవు. వెన్ను కొడవలివలె వంగును. అట్టి పిల్ల ఒకప్పుడు గ్రుడ్డునుండి వెలువడనే లేదు. వెలువడినను తిన్నగా ఈదలేదు. పచ్చసొనసంచి ఉన్నంతవరకు బ్రతుకును. సంచి కరగిన దినమున ఆహారమును వెదకికొనవలెను. వంగిన వెన్నుతో వెదకలేదు.

దీనికి హేతువు కొంతవరకు తెలిసినది. జీవకణము ప్రతిదానికి నూనెవంటి సన్నని పొర హద్దుగానున్నది. రెండు ముఖములుగల శిలాతైలామ్లము ఆ పొరలో జొరబడి నిలుచును. పొర వదులగును, లోపలి లవణములు, వెలుపలి లవణములు తమ స్థానములు తప్పును. ప్రత్యేకముగా ఒక అవయవమును ఎన్నుకొనక, ఎల్ల కణములను మందగింపజేయు ఈ తీరును శాస్త్రజ్ఞులు మత్తుతో పోల్చిరి. తోకపొడవు, వలయముల సంఖ్య పెరిగినకొలది కొంత మేరవరకు ఈ శక్తి హెచ్చును. ఒకటికి రెండు ఆమ్లముద్రలున్న అణువు నీటినే ఆశ్రయించును గనుక దాని హాని తక్కువ. నీటి స్వభావమునుబట్టియు మారును. సామాన్యపు నదీజలములో ఈ యామ్లములలో అధికభాగము విద్యుదావేశము పొంది కణపు పొరలో సులభముగా చొరజాలక ఉండును. నీరు ఆమ్లత్వమువైపు మొగ్గినచో ఆవేశములేని భాగము హెచ్చి, అంతే పదార్థము మరింత విషమగును. కాబట్టి లీటరుకిన్ని మిల్లీగ్రాములని మాత్రమే చెప్పి ఊరకుండుట చాలదు. ఏ నీటిలో అనుటయు చెప్పవలెను.

కాలక్రమమున సూక్ష్మజీవులు వీనిని తినివేయునను ఊరట యున్నది, అది సత్యమే. అయితే సరళమైన అణువులను త్వరగా తినును, కొమ్మలు వలయములుగల మొండి అణువులను ఏండ్ల తరబడి విడిచిపెట్టును. పాతచెరువునీరు క్రొత్తచెరువునీటికంటె మెత్తనిదే గాని నిర్దోషమైనది కాదు.

ముడినూనెయే నేరుగా నీటిలో పడినపుడు హాని ప్రధానముగా వేరొక వర్గమువలన కలుగును: పెక్కు వలయములుగల సుగంధ హైడ్రోకార్బనులు. వీనికిని ఆమ్లములకును రసాయనభేదమున్నను పిండముపై కనబడు గుర్తులు ఆశ్చర్యకరముగా సమీపముగా నున్నవి. 1989 మార్చి 24న ఎక్సాన్ వాల్డెజ్ అను ఓడ అలాస్కా తీరమున రాతికి తగిలి ఇంచుమించు 4 కోట్ల లీటర్ల నూనెను సముద్రముపాలు చేసినది. అది హెర్రింగు చేపలు గ్రుడ్లుపెట్టు ఋతువునకు ముంగిలి. ఆ తరువాతి పరిశోధనలలో హెర్రింగు, సాల్మను పిండముల గుండెసంచి పొంగుట, పైకి చక్కగా కనబడి పెరిగిన పిల్లలు సైతము పెద్దవైన పిమ్మట వేగముగా ఈదలేకపోవుట తేలినవి. 2010 ఏప్రిలులో మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ బావి పేలిన పిదప టూనా చేప గుండెకణములపై పరీక్షించి, నూనె పదార్థములు గుండెకొట్టుకొనుటను నడపు లవణద్వారములను మూయుచున్నవని 2014లో ప్రకటించిరి. పెరిగిన టూనా మైళ్లకొలది దూరము పారిపోగలదు. దాని గ్రుడ్డు నీటిపైన తేలును. నూనెయు నీటిపైననే తేలును.

తెలుగువారి తీరమునకు వత్తము. విశాఖపట్టణమున 1957లో కాల్టెక్సు సంస్థ స్థాపించిన శుద్ధికర్మాగారము తరువాత జాతీయమై హిందూస్థాన్ పెట్రోలియమువారి చేతిలో ఎన్నోరెట్లు పెరిగినది. దానికి కావలసిన ముడినూనె ముఖ్యముగా ఓడలమీద వచ్చును. కోనసీమలో బావులున్నవి, 1995 జనవరి 8న పాశర్లపూడిలో పేలిన బావి రెండు నెలలకు పైగా మండినది. అది ప్రధానముగా వాయువు. మన యామ్లముల కథ కాదు. అయినను ఆ సీమ జలపుష్పమగు పులస, సముద్రమునుండి ఆ గోదావరీముఖములనే దాటి, వర్షకాలపు ఎఱ్ఱనీటిలో ఎదురీది గ్రుడ్లుపెట్టుటకు పోవునని మరువరాదు. దక్షిణమున, తెలుగు కుటుంబములు పెక్కు నివసించు ఉత్తర మదరాసుకు ప్రక్కనున్న ఎన్నూరువద్ద 2017 జనవరి 28న రెండు ఓడలు ఢీకొని నూనె ఒలికినది. 2023 డిసెంబరు తుపానునాడు వరదనీటితోపాటు నూనె ఎన్నూరు కయ్యలోనికి ప్రవేశించి మత్స్యకారుల వలలను, పడవలను నల్లబరచినది. చచ్చిన చేపలను, నల్లబడిన పక్షులను పత్రికలు చిత్రించినవి. కయ్యలు పిల్లచేపల పెంపకపు తావులు. అచట పగులక మిగిలిన గ్రుడ్డును ఏ పత్రికయు చిత్రింపజాలదు. చాలవరకు అది కంటికి కనబడునంత యుండదు.

ఇచ్చట చట్టమును గూర్చి చెప్పవలసియున్నది. 1986 నాటి పర్యావరణ రక్షణ నియమములకు చేర్చిన సామాన్య ప్రమాణములలో, కర్మాగారము విడుచు నీటికి చేపపరీక్ష యొకటి విధింపబడినది. పలుచన చేయని ఆ నీటిలో చేపలనుంచినచో 96 గంటల తరువాత నూటికి 90 బ్రతికియుండవలెను. మంచి నియమమే. యంత్రములు లేని చిన్నపట్టణమునందును జరుపదగినది, పామరునకును అర్థమగునది. అయితే అది అడుగుచున్న ప్రశ్న యేది? పెరిగిన చేప నాలుగుదినములు బ్రతికెనా యని. ఆ నీటిలో గ్రుడ్డు పగులునా, పగిలిన పిల్ల తిన్నగా ఈదునా యని అడుగుట లేదు. పెర్చి గ్రుడ్లను వంకరచేయు నీటిలో పెరిగిన చేప సుఖముగా తిరుగవచ్చును. అప్పుడు నీరు పరీక్షలో ఉత్తీర్ణమైనట్లే.

శుద్ధికర్మాగారములకు 2008లో సవరించిన ప్రత్యేక ప్రమాణములు వేరుగ కలవు. అందు నూనె-జిడ్డు లీటరుకు 5 మిల్లీగ్రాములు మించరాదు. ఫీనాలులు, సల్ఫైడులు, బెంజీను, పాదరసము, సీసము మున్నగువానికి హద్దులున్నవి. శిలాతైలామ్లముల పేరు లేదు. నూనె-జిడ్డు కొలుచు పద్ధతిలో నీటిని ముందు ఆమ్లపరచి, పిదప ద్రావకముతో లాగుదురు. ఆమ్లపరచినపుడు సబ్బురూపముననున్న శిలాతైలామ్లము మరల నూనెముఖము త్రిప్పి ద్రావకములో చేరును. కనుక అది తూకములో లేకపోలేదు; పేరులేని వానిగా జిడ్డులో కలిసి తూగుచున్నది. ఆ 5 మిల్లీగ్రాములు నిరపాయమగు జిడ్డో, గుండెసంచిని పొంగించు ఆమ్లమో తూకపు సంఖ్య చెప్పదు. పిండములకు అపాయము మొదలగునది సరిగా ఆ కొలది మిల్లీగ్రాముల యెడనే యగుట తలచినచో, ఈ యజ్ఞాతవాసము నాకు సమంజసముగా తోచదు.

తుంగభద్రకు, వేదావతికి శిలాతైలపు భయము లేదు గదా, బళ్లారివారికి ఈ గొడవ యేలయని అడుగువారుందురు. చేపపరీక్ష శుద్ధికర్మాగారమునకు మాత్రమే విధించినది కాదు. ఎగువనుండి దిగువవరకు తుంగభద్రలో కలియు కర్మాగారజలములకును సామాన్యప్రమాణము అదియే. కాగితపుగుజ్జు పరిశ్రమలలో పైను కఱ్ఱనుండి వెలువడు సర్జరసపు ఆమ్లములు నిర్మాణమున శిలాతైలామ్లములకు దగ్గరి చుట్టములు. వలయములు, చివర కార్బాక్సిల్ ముద్ర. చేపలకు అవియు విషములేయని చిరకాలముగా తెలిసినది. ఏ ఆమ్లమైనను, ఏ లోహమైనను, గ్రుడ్డు నడుగని పరీక్ష గ్రుడ్డునుగూర్చి యేమియు చెప్పదు. నది నిండుగా పారునపుడు మలినము పలుచనై పోవునను వాదములో సత్యము కొంత కలదు, నేను కాదనను. కాని మన చేపలు గ్రుడ్లుపెట్టునది ఆ నిండునదిలోనే, అది కూడ నడియేటిలో గాదు, నీరు మెల్లగా నిలుచు ఒడ్డులవెంట. పదునాలుగు గంటల వ్యవధిలో మొదలై ముగియు జీవితారంభమునకు ఒక్కరాత్రి విడిచిన చెడునీరు చాలును.

1957లో హీరాలాల్ చౌధురి ఒడిశాలోని అంగుల్‌వద్ద పిట్యూటరీ గ్రంథిరసమును సూదితో ఎక్కించి పెంపుడుచెరువులోని చేపలచేత గ్రుడ్లు పెట్టించినది మొదలు, మన కృష్ణా, గోదావరీ మండలముల చెరువులకు పిల్లలు ఉత్పత్తికేంద్రములనుండి వచ్చుచున్నవి. అందుచేత నదిలో గ్రుడ్డు చెడినను సంతకు చేప తగ్గదు. ఇది లాభమును, ప్రమాదమును. చేప తగ్గినచో జనులు అడుగుదురు. చెరువుచేప బుట్టలో నిండియున్నపుడు నదిచేప యేమయ్యెనని వలవేయువాడు తప్ప అడుగువాడు లేడు.

గ్రుడ్డును పరీక్షించుట కష్టమని ఎవరును అనలేరు. జర్మనీ దేశము 2005 మొదలు మలినజలములకు పెరిగిన చేపతో చేయు పరీక్షను మానివేసి జీబ్రాచేప గ్రుడ్డుతో చేయు పరీక్షను విధించినది. జీవహింసను తగ్గించుటయే అక్కడి ముఖ్యోద్దేశము. పలుదేశముల ఆర్థికసహకార సంస్థయగు ఓ.ఇ.సి.డి. 2013లో దీనిని 236వ పరీక్షగా అంగీకరించినది. సామాన్యముగా నీటిని అయిదు పాళ్లుగా పలుచన చేయుదురు. ఒక్కొక్క పాలునకు ఇరువది గ్రుడ్లు. చిన్నచిన్న గుంటలుగల పలకలో గుంటకొక గ్రుడ్డు. నీటివేడిమి 26 డిగ్రీలు. ఇరువదినాలుగు గంటలకొకమారు చొప్పున 96 గంటలవరకు సూక్ష్మదర్శినిలో చూచి నాలుగు సంగతులు వ్రాసికొందురు: గ్రుడ్డు విరిగి తెల్లబడెనా, వెన్నుకణుపులు ఏర్పడెనా, తోక సొననుండి విడివడెనా, గుండె కొట్టుకొనుచున్నదా. మన చట్టములోని 96 గంటలును ఇవియే. చేపలు అంగడిలో గాజుతొట్టెల దుకాణమున దొరకును. సూక్ష్మదర్శిని ఏ కళాశాలలోనైనను ఉన్నది. హోసపేటవద్ద తుంగభద్రా మండలికి మత్స్యవిభాగమే కలదు. శీలావతి గ్రుడ్డుతో ఈ పరీక్షను చేయవలెనన్నచో నాలుగుదినములును అక్కరలేదు. తొలకరిలో ఒక సాయంత్రము మొదలుపెట్టిన, మరునాటి మధ్యాహ్నమునకు ఎన్ని పగిలినవో లెక్కింపవచ్చును.